పాత 'పాడుతా తీయగా' క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన అమలాపురం స్టూడియో గురించి

వీహెచ్ఎస్ క్యాసెట్లు ఇంకా అటక మీద పడున్నవాళ్ల కోసం రాస్తున్నా, ముఖ్యంగా తొంభైల్లో 'పాడుతా తీయగా' వచ్చే టైముకి వీసీఆర్‌లో ఖాళీ క్యాసెట్ పెట్టుకుని రెడీగా కూర్చున్న బాపతు వాళ్ల కోసం. అమలాపురంలో ఒకాయన వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తున్నారు. ఒకప్పుడు పెళ్లి వీడియోలు తీసిన స్టూడియో. ఇప్పుడు ముందు గదిలో పాస్‌పోర్ట్ ఫోటోలు, ల్యామినేషన్, ఫ్లెక్సీలు. వెనక గదిలో మాత్రం వీసీఆర్, పాత డబ్బా టీవీ, కంప్యూటరు. షాపు పేరు రాయొద్దని ఆయనే అన్నారు, "ఒక్కటే మిషనండి, పదిమంది ఒకేసారి వచ్చేస్తే నావల్ల కాదండి బాబూ" అని. కావాల్సినవాళ్లకి విడిగా చెప్తా.

క్యాసెట్లు మా మావయ్యవి. 1996లో షో మొదలైన దగ్గర్నుంచి రికార్డు చేసి, ప్రతిదాని మీదా స్కెచ్ పెన్నుతో తేదీ, ఆ వారం వచ్చిన అతిథి పేరు రాసి పెట్టాడు. మధ్యలో కొన్నాళ్లు లేవు. ఆ ఏడాది నవంబరు 6న తుపాను కొట్టాక కోనసీమలో కొబ్బరి చెట్లూ కరెంటు స్తంభాలూ కేబుల్ వైర్లూ అన్నీ నేల మీదే ఉన్నాయి కదా, ఇంక టీవీ ఎక్కడిది. మిగిలినవాటికి మన తేమ గాలికి బూజు పట్టింది, పైన ప్లాస్టిక్ లోంచి చూస్తే రీలు అంచున తెల్లగా కనపడుతుంది. అలాంటివాటిని, ఇంట్లో వీసీఆర్ ఉంది కదా అని పెట్టేయకండి. బూజు వీసీఆర్ లోపల రీలుని చదివే హెడ్‌కి అంటుకుంటుంది, అక్కణ్నుంచి తర్వాత పెట్టే క్యాసెట్‌కీ పాకుతుంది, రీలు తెగినా తెగుతుంది. ఈయన స్క్రూలు విప్పి, రీలు తుడిచి, చేత్తో తిప్పి చూసుకున్నాకే మిషన్లో పెట్టారు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

రేటు క్యాసెట్‌కి 400, బూజు ఉంటే ఇంకో 150. ఎక్కువే అన్నాడు మావయ్య. నాకలా అనిపించలేదు. మూడు గంటల క్యాసెట్ అయితే మూడు గంటలూ ఆడాల్సిందే, ఫైలు కాపీ చేసినట్టు నిమిషంలో అయ్యే పని కాదు. పైగా వీసీఆర్‌లు చేసే ఆఖరి కంపెనీ, జపాన్ వాళ్ల ఫునాయ్, 2016లోనే ఆపేసింది. ఏ పార్టు పోయినా ఇంకో పాత వీసీఆర్ విప్పి అందులోది పీకి వేయాలి.

నచ్చనివీ ఉన్నాయి. మొదట ఇచ్చిన ఫైళ్లలో బొమ్మని ఇప్పటి టీవీలకి సరిపోయేలా అడ్డంగా సాగదీసేశారు. బాలు గారు అసలే నిండైన మనిషి, ఆ సాగదీతలో సగం స్క్రీను ఆయనే ఉన్నారు. ఇదేంటండీ అంటే, పక్కన నల్ల పట్టీలు వస్తే కస్టమర్లు తిడుతున్నారండి అన్నారు. వస్తే రానివ్వండి అన్నాక మళ్లీ చేసిచ్చారు, డబ్బులు అడగలేదు. కొన్నిటిలో కింద అంచున గీతలు, రంగులు కారినట్టు ఉండటం వీహెచ్ఎస్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు, దానికి ఆయన్ని అనలేం. సౌండు మాత్రం నేననుకున్నదానికన్నా చాలా బాగుంది. చెప్పిన రోజుకి ఇవ్వరు, పెళ్లిళ్ల సీజన్లో అయితే అసలు ఆశ పెట్టుకోవద్దు. ఒక క్యాసెట్లో సగం దాకా షో, ఆ తర్వాత ఏదో క్రికెట్ మ్యాచ్. ఆ ఘనకార్యం షాపుది కాదు, మా బావది.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. ఈయన అన్నీ క్లీన్ చేసి ఇస్తానంటారు. అంటే ప్రకటనలు, మాటలు తీసేసి పాటలు మాత్రం వరుసగా. ససేమిరా ఒప్పుకోకండి. ఆ పాటలు సినిమావే కావాలంటే ఫోన్లో ఇంతకన్నా బాగా వినొచ్చు. కుర్రాడెవరో టెన్షన్‌తో శ్రుతి జారుతూ పాడిన చరణం కోసం ఎవరూ 550 పెట్టరు. మనం పెట్టేది పాట అయ్యాక బాలు గారు మొదలుపెట్టే కబుర్ల కోసం, ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఈ అక్షరం ఇలా కాదు నాన్నా అలా పలకాలి అని. నెట్‌లో దొరికేవాటిలో చాలావరకు పాట ముక్కలే, ఈ మాటలు సగంలో తెగిపోతాయి.

మా ఇంట్లో పండక్కి అందరం చేరి పెట్టుకున్నాం. టైటిల్ పడగానే పెద్దనాన్న అందుకున్నాడు, ఆ పేరు 1964లో వచ్చిన మూగమనసుల్లో పాటదిరా, ఆత్రేయ రాశాడు, ఘంటసాల పాడాడు, మన గోదారి మీద పడవ నడిపేవాడి కథ అని. ఆయన్ని ఆపేసరికి మొదటి పాట అయిపోయింది. కవులు అతిథులుగా వచ్చిన వారాలు వచ్చేసరికి ఇల్లు రెండు పార్టీలయింది. బావ వేటూరి పార్టీ. 1974లో ఓ సీత కథతో వచ్చినాయన, శంకరాభరణం రాసిన చేత్తోనే ఊరమాసు డ్యూయెట్లూ రాసినాయన, మాతృదేవోభవ పాటకి జాతీయ అవార్డు తెచ్చినాయన, ఇంకెవరున్నారు అని వాదన. నేను సిరివెన్నెల పార్టీ. 1986లో పేరు తెచ్చిన సినిమా పేరే ఇంటిపేరైపోయిందంటే ఊరికే అయిందా? తెగలేదు, తెగదు కూడా. కాకపోతే ఇద్దరం ఒప్పుకున్నది ఒకటుంది. పాట రాసినాయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, ఆ పల్లవి ఎలా పుట్టిందో తీరిగ్గా చెప్పించుకునే ఓపిక ఇప్పటి షోలలో నాకు కనపడదు, జడ్జీల అరుపులకే టైము సరిపోతోంది. 2010లో వేటూరి, 2020లో బాలు, 2021లో సిరివెన్నెల పోయారు. ఇప్పుడు ఆ మాటలు కత్తిరించేస్తే మళ్లీ ఎవర్నడుగుతాం? ప్రకటనలు కూడా ఉంచమనండి, మా పిల్లలు పాటలకన్నా వాటికే ఎక్కువ నవ్వారు.

వెళ్లేవాళ్లు కత్తిరించొద్దు, సాగదీయొద్దు అని కాగితం మీద రాసిచ్చేయండి. "ఆయ్, అలాగేనండి" అంటారు గానీ పనిలో పడ్డాక గుర్తుండదు. క్యాసెట్లు తిరిగి తీసుకునేటప్పుడు డబ్బా తెరిచి చూసుకోండి, కలిసిపోతున్నాయి. మావాటిలో ముమ్మిడివరం వైపు ఎవరిదో పెళ్లి క్యాసెట్ వచ్చేసింది, ఇంటికొచ్చి పెడితే భోజనాల బంతి దాకా చూసేశాం. 1998 అని రాసుంది, పందిరి ముందు తెల్ల అంబాసిడర్ ఉంటుంది. మీదైతే చెప్పండి, జాగ్రత్తగానే ఉంచాం.