గండికోటా, గుత్తి కోటా, సిద్ధవటమా? ఒక్క ఆదివారానికి ఏది మేలు

చలి మొదలైతే చాలు, మా వైపు వాట్సాప్ గ్రూపుల్లో "ఈ ఆదివారం గండికోటకి పోదామా" అనే మాట లేస్తుంది. ఇంకో కోట పేరు ఎవరి నోటా రాదు. సీమలో కోటలకు కరువా? పెనుకొండ ఉంది, రాయదుర్గం ఉంది, ఆదోని ఉంది, కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు ఉంది. వీటిలోంచి కొండల మధ్య ఉన్నవి, ఒక రోజులో పోయి రాగలిగినవి, ఒకదానితో ఒకదానికి బొత్తిగా పోలిక లేనివి మూడు తీసుకుంటున్నా. కడప జిల్లాలో గండికోట, సిద్ధవటం. అనంతపురం జిల్లాలో గుత్తి. పెనుకొండ కూడా ఉండాల్సిందే, తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజ్యానికి రాజధాని అయిన ఊరది. కానీ దాన్ని ఇక్కడ ఇరికిస్తే అన్యాయం, విడిగా రాయాలి.

నా లెక్క ముందే చెప్పేస్తా. లోయ చూడాలంటే గండికోట. కోటను కోటగా చూడాలంటే గుత్తి. ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకొని నిదానంగా తిరగాలంటే సిద్ధవటం. ఎందుకో చెప్పడానికి నేను పట్టుకునే కొలత గోడల ఎత్తు కాదు, నీళ్లు. లోపలున్న వాళ్లు ఏం తాగి బతికారు, ముట్టడి పడితే ఎన్నాళ్లు నిలిచారు? సీమలో పుట్టినవాళ్లకు కొండ మీద గోడ కనబడగానే వచ్చే మొదటి ప్రశ్న అదే కదా.

ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుంటూ పోయిన చోట, కుడి ఒడ్డున గండికోట ఉంది. ఏటి వైపు శత్రువు రావడానికి దారే లేదు, దాదాపు 300 అడుగుల లోయే కాపలా. మిగతా దిక్కుల్లో ఎర్రరాతి గోడ, బురుజులు, ఇనప మేకులు దిగ్గొట్టిన తలుపులు. కోట చుట్టుకొలత ఐదు మైళ్ల దాకా ఉంటుంది, లోపల ఇప్పటికీ ఒక ఊరుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కారు ఆపి, మసీదు పక్కనుంచి నేరుగా లోయ అంచుకు పోయి, ఫోటోలు దిగి, వెనక్కి తిరుగుతారు. జామియా మసీదు పక్కనున్న ధాన్యాగారం లోపలికి తొంగి చూసేవాళ్లే తక్కువ. ఆ కమాను కప్పు కింద నిలబడితే ఎన్ని నెలల తిండి పెట్టుకొని కూర్చున్నారో తెలుస్తుంది. మాధవరాయ స్వామి గుడి గోపురం దూరం నుంచే కనిపిస్తుంది, అయినా అక్కడిదాకా నడిచేవాళ్లూ కొద్దిమందే.

నీళ్ల సంగతికొస్తే, కింద పెన్న పారుతోంది గానీ పైకి తోడుకోవడం అయ్యే పనా? అందుకే పైన రాయల చెరువు, కత్తుల కోనేరు. ఏటి ఒడ్డున కోట కట్టి వాన నీటి మీద బతికారన్నమాట. పెమ్మసాని నాయకులు తరతరాలుగా ఏలిన ఈ కోట 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయింది. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికే వచ్చి అతన్ని కలిశాడు. మీర్ జుమ్లా స్వయానా వజ్రాల వ్యాపారం చేసినవాడే కాబట్టి మాటలు బాగానే కలిసి ఉంటాయి. కోటలో ఫిరంగులు పోత పోయించడానికి ఒక ఫ్రెంచి ఫిరంగి పనివాణ్ణి పెట్టుకున్నాడని, గుళ్లలోని రాగి విగ్రహాలు ఆ పనికి కరిగించారని టావెర్నియే రాసిపెట్టాడు. ఆ సంగతి తెలిసి మాధవరాయ స్వామి గుళ్లోకి అడుగు పెడితే ఆ గుడి వేరేగా కనబడుతుంది.

గండికోటతో చిక్కల్లా జనం. శని, ఆదివారాలు లోయ అంచున కాలు పెట్టడానికి సందు దొరకదు. రాత్రి గుడారాల దగ్గర పాటల పెట్టెలు, పొద్దున ఖాళీ సీసాలు. అంచు పొడుగునా కటకటాలు లేవు, చిన్న పిల్లలున్నవాళ్లు చెయ్యి వదలకూడదు. అయినా రాత్రి ఉండి తెల్లారేటప్పుడు లోయ చూడటంలో ఉన్న సుఖం మిగతా రెండు కోటల దగ్గరా లేదు, అది ఒప్పుకోవాల్సిందే. ఉండటానికి పర్యాటక శాఖ హోటల్ ఉంది. పగటిపూట పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లకు మాత్రం మంచి వెలుగు రెండు పూటలా తప్పిపోతుంది, చేతికి మిట్టమధ్యాహ్నపు ఎండ మిగులుతుంది.

గుత్తి కథ వేరు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద వేలమంది రోజూ ఆ కొండను దాటిపోతారు. కిటికీలోంచి చూసి "ఏందో కోట ఉన్నట్టుందే" అనుకొని వెళ్లిపోతారు. చుట్టూ ఉన్న మైదానం కంటే దాదాపు మూడు వందల మీటర్లు పైకి లేచిన బండ అది. ఎక్కేవాళ్లు దర్వాజా తర్వాత దర్వాజా దాటుకుంటూ పోవాలి, పదిహేను ప్రధాన ద్వారాలు చెబుతారు. ఒక ద్వారం దాటితే అయిపోయిందనుకుంటాం, దారి ఇంకో మలుపు తిరిగి ఇంకో ద్వారం కిందికి తెస్తుంది. పైనుంచి రాళ్లు, బాణాలు పడే చోటుకే మనల్ని తెచ్చి నిలబెట్టేలా కట్టిన దారి. గండికోటలో ఈ తెలివి చదువుకొని తెలుసుకోవాలి, గుత్తిలో ఆయాసపడే కాళ్లే చెబుతాయి. ఇక్కడి బుక్కరాయల కాలపు శాసనం ఈ కోటను దుర్గాలకు రాజని పొగిడింది. అంతకు చాలా ముందే, పశ్చిమ చాళుక్యుల నాటికే ఇది పేరున్న చోటు.

పైకెక్కితే గదులు, మందుగుండు కొట్లు, ధాన్యం కొట్లు, బండల మధ్య నీటి గుంటలు. నేలకూలిన గోడలెక్కువ, ముళ్లకంప ఇంకా ఎక్కువ. కొండ కొసన, పాతాళంలోకి చూస్తున్నట్టుండే అంచు మీద, నున్నటి సున్నపు పూతతో చిన్న మండపం ఒకటుంది. మురారి రావు ఘోర్పడే అక్కడ కూర్చొని చదరంగం ఆడేవాడని చెబుతారు. 18వ శతాబ్దం మధ్యలో గుత్తిని తన ఇల్లు చేసుకున్న మరాఠా సర్దారు అతను. దక్షిణాదిలో ఏ యుద్ధం జరిగినా ఏదో ఒక పక్క అతని గుర్రపు దళం ఉండేది.

అలాంటి మనిషి ఓడింది దాహానికి. 1775 చివర్లో హైదర్ అలీ వచ్చి కోటను చుట్టుముట్టాడు. నెలలు గడిచాయి. గుంటలు ఎండుతుండగా మురారి రావు డబ్బిచ్చి రాజీకి ఒప్పుకున్నాడు. బేరం కుదిరింది, పూచీగా ఒక యువకుణ్ణి కిందికి పంపాడు. అక్కడ భోజనం దగ్గర మాటల్లో మాటగా, పైన ఇంక మూడు రోజుల నీళ్లే ఉన్నాయని, లేకపోతే రాజీకి వచ్చేవాళ్లమా అని ఆ కుర్రాడు నోరు జారాడంటారు. హైదర్‌కు అంతకంటే ఏం కావాలి? బేరం పక్కన పెట్టి మళ్లీ ముట్టడి బిగించాడు. 1776లో కోట అతనిదైంది. మురారి రావును శ్రీరంగపట్నానికి, అక్కడినుంచి కబ్బాళదుర్గానికి పంపారు, అక్కడే పోయాడు. అన్ని దర్వాజాలూ ఎక్కొచ్చి, చేతిలోని సీసాలో అడుగంటిన నీళ్లు చూసుకున్నవాళ్లకు ఈ కథ చెప్పక్కర్లేదు.

దిగొచ్చాక కొండ కింద ఇంగ్లీషువాళ్ల శ్మశానం చూడకుండా పోవద్దు. దత్తమండలాల (ఇంగ్లీషువాళ్ల కాలంలో సీమకు ఉన్న పేరు) మొదటి కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు అయిన థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే ఇక్కడే పాతిపెట్టారు. నాలుగేళ్లకు అస్థికల్ని మద్రాసు కోటకు తీసుకుపోయారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సీమలో ఆ ఖాళీ సమాధి దగ్గర ఇప్పుడు ఎవరూ ఆగరు.

గుత్తిలో లోపాలూ ఉన్నాయి. నీడ లేదు. పైన ఏమీ దొరకదు, సరైన బోర్డులు లేవు, వర్షాకాలంలో బండలు జారతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకుపోతే వాళ్లు కింది దర్వాజా దగ్గర కూర్చొని మనల్ని తిట్టుకుంటారు. మార్చి దాటాక ఆ కొండ ఎక్కడం పెనం మీద నడవడమే. తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు దిగిపోవాలి. దిగితే మాత్రం ఊళ్లో వేడి వేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జి ఉంటాయి. గండికోట దగ్గర తిన్నది ఏదీ నాకు గుర్తు లేదు.

సిద్ధవటానికి కొండెక్కే బాధ లేదు. కడప నుంచి పాతిక కిలోమీటర్ల లోపే, పెన్న ఒడ్డున, చదును నేల మీద కోట. బండి దిగి పది అడుగులు వేస్తే ద్వారంలో ఉంటాం. మట్లి రాజుల కోట ఇది, తర్వాత కడప నవాబులది. లోపల సిద్ధేశ్వర స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి, బిస్మిల్లా షావలీ దర్గా. ద్వార స్తంభాల మీది చెక్కడాలకు ఒక అరగంట ఇవ్వండి, మిగతా కట్టడం అంతగా పట్టి నిలపదు. గుత్తి తీసుకున్న మూడేళ్లకు, 1779లో, హైదర్ ఇక్కడికీ వచ్చాడు. పారిపోయొచ్చి ఇక్కడ తలదాచుకున్న కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్ లొంగిపోయాడు.

ఇక్కడ నీళ్ల కథ తలకిందులు. 1808 నుంచి 1812 దాకా కడప జిల్లాకు సిద్ధవటమే కేంద్రం. పెన్నకు వరదొస్తే బయటి ఊళ్లతో సంబంధం తెగిపోయేది, కచేరీ పనులు ఆగిపోయేవి. చివరికి జిల్లా కేంద్రాన్ని కడపకు మార్చుకున్నారు. గుత్తి నీళ్లు లేక పోతే, సిద్ధవటం నీళ్లెక్కువై పోయింది.

అడవి కావాలనుకునేవాళ్లకు ఈ మూడింట్లో సిద్ధవటమే దగ్గర. పక్కనే లంకమల కొండలు, ఎర్రచందనం చెట్లు. లోకంలో ఇక లేదనుకున్న కలివికోడిని 1986లో మళ్లీ కనుగొన్నది ఈ లంకమల అడవి పక్కనే. అది రాత్రిపూట తిరిగే పిట్ట, చూడాలని పోయేవాళ్లకు కనబడదు. ఎర్రచందనం దొంగల మూలంగా అటవీ శాఖ తనిఖీలు గట్టిగా ఉంటాయి, సరదాకని బాట వదిలి లోపలికి పోతే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. శివరాత్రికి అడవిలోని శివక్షేత్రం నిత్యపూజకోనకు జనంతో కలిసి పోవడం వేరే సంగతి. పక్కనే ఒంటిమిట్ట కోదండరామాలయం ఉంది కాబట్టి అమ్మానాన్నలతో కలిసి పోయేవాళ్లకు పొద్దున దర్శనం, తర్వాత కోట, భోజనం వేళకు కడపలో కారం దోశ. ఇంతకంటే సుఖమైన సగం రోజు మా జిల్లాలో ఇంకోటి లేదు.

మరి ఒక్కటే ఎంచుకోమంటే? ముప్పై ఏళ్ల లోపు వాళ్లు, కాళ్లల్లో సత్తువ ఉన్నవాళ్లు ఎవరడిగినా నేను గుత్తే అంటా. గండికోట ఎక్కడికీ పోదు, దాన్ని చూడమని చెప్పేవాళ్లు కోట్లమంది ఉన్నారు. గుత్తిని చూడమని చెప్పేవాళ్లే లేరు. చంటిపిల్లలుంటే రెండూ వద్దు, సిద్ధవటం పోండి. బయటి ఊరి నుంచి చుట్టాలొచ్చి "మీ వైపు ఏముందో చూపించు" అంటే మాత్రం మారు మాట లేకుండా గండికోట. లోయ చూపిస్తే ఇంక వాళ్లకు మనమేమీ వివరించనక్కర్లేదు.

రెండు రోజులు చేతిలో ఉంటే ఇలా చేయొచ్చు. మొదటి రోజు పొద్దున్నే గుత్తి ఎక్కి దిగి, యాభై కిలోమీటర్ల దూరంలోని తాడిపత్రికి మధ్యాహ్నానికి చేరండి. పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి, ఊళ్లోని చింతల వెంకటరమణ స్వామి గుడి, రెండూ గండికోట ఏలిన పెమ్మసాని వాళ్లు కట్టించినవే. బుగ్గ గుళ్లో లింగం దగ్గర నీళ్లు ఊరుతూనే ఉంటాయి. సాయంత్రానికి గండికోట చేరి రాత్రి అక్కడే ఉండి, తెల్లారి లోయ చూసుకొని జమ్మలమడుగు మీదుగా ఇంటిదారి పట్టండి. ఇంకా ఓపిక ఉంటే బెలుం గుహలు అరవై కిలోమీటర్లే. రైల్లో వచ్చేవాళ్లు గుత్తి జంక్షన్‌లో దిగి ఊళ్లోకి ఆటో కట్టించుకోవాలి. గండికోటకు జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు, బస్సులు తక్కువ, తిరుగు ప్రయాణానికి ఆటో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇక గుత్తికి మాత్రం మనిషికి రెండు లీటర్ల నీళ్లకు తగ్గకుండా తీసుకుపోండి.