ఇంట్లో మూడు టీవీలు, మేడ మీద ఒకే డిష్: స్ప్లిటరా, క్వాడ్ ఎల్ఎన్‌బీనా, ఆంప్లిఫయరా?

"ఒక్క టీవీ ఉన్నన్నాళ్లూ బొమ్మ అద్దంలా వచ్చేది. పడగ్గదిలో ఒకటి, పై వాటాలో ఇంకొకటి పెట్టించాక ఎప్పుడు చూసినా నో సిగ్నల్ అంటోంది. ఏం కొనాలి?" అని అడిగేవాళ్లు చాలామంది. ఇలా అడిగినవాళ్లకు దుకాణంలో ముందుగా చేతిలో పెట్టేది సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయర్. నా లెక్కలో అది అన్నిటికంటే ఆఖరున ఆలోచించాల్సిన వస్తువు.

డబ్బు తీసే ముందు ఓ చిన్న పరీక్ష చేయండి. ఒక్క బాక్సు ఉంచి మిగతావన్నీ గోడ స్విచ్ దగ్గరే ఆపేయండి. రిమోట్‌తో ఆపితే చాలదు, స్టాండ్‌బైలో ఉన్న బాక్సులు చాలావరకు ఎల్ఎన్‌బీకి (డిష్ ముందు చేయి చివర ఉండి, సిగ్నల్‌ను పట్టి కేబుల్‌లోకి పంపే పరికరం) కరెంటు పంపుతూనే ఉంటాయి. ఒక్క బాక్సుతో అన్ని ఛానెళ్లూ వచ్చి, రెండోది ఆన్ చేయగానే కొన్ని ఛానెళ్లు మాత్రమే మాయమైతే సిగ్నల్ తగ్గినట్టు కాదు. ఒకే ఎల్ఎన్‌బీకి రెండు బాక్సులు రెండు రకాల ఆదేశాలు ఇస్తున్నాయి. అలా కాకుండా ఒక్క బాక్సుతో కూడా మెనూలో చూపే సిగ్నల్ క్వాలిటీ తక్కువే ఉంటే, ఆ బాక్సునూ ఓ చిన్న టీవీనీ మేడ మీదికి తీసుకెళ్లి రెండు మీటర్ల కొత్త కేబుల్‌తో నేరుగా ఎల్ఎన్‌బీకి తగిలించి చూడండి. అక్కడ బాగుంటే తప్పు కిందికొచ్చే కేబుల్‌ది, అక్కడా అంతే ఉంటే డిష్‌ది. పోలిక మాత్రం ఒకే బాక్సుతో చేయాలి. ఒక కంపెనీ బాక్సు చూపే 70 శాతం, ఇంకో కంపెనీ బాక్సు చూపే 70 శాతం ఒకటి కావు.

ఇక అసలు పోటీ ఒక కేబుల్‌ను రెండు మూడుగా చీల్చే స్ప్లిటర్‌కూ, నాలుగు అవుట్‌పుట్‌లుండే క్వాడ్ ఎల్ఎన్‌బీకీ మధ్య. స్ప్లిటర్ వేస్తే సిగ్నల్ సగమైపోతుందన్నది అందరూ చెప్పే అభ్యంతరం. సగమయ్యే మాట నిజమే, కానీ ఇబ్బంది అది కాదు. రెండు దారుల స్ప్లిటర్‌లో పోయేది 3.5 నుంచి 4 డీబీ (డెసిబెల్, సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత; 3 తగ్గితే సగమైనట్టు), నాలుగు దారులదైతే 7, 8 డీబీ. డిష్‌లకు వాడే మంచి ఆర్‌జీ6 కేబుల్‌లో 20 మీటర్లకు ఇంకో 6 డీబీ. ఎల్ఎన్‌బీ తనంతట తానే 50 డీబీకి పైగా పెంచి పంపుతుంది కాబట్టి, డిష్ సరిగ్గా నిలబడి ఉంటే ఈ నష్టాన్ని బాక్సు తేలిగ్గా తట్టుకుంటుంది.

తట్టుకోలేనిది వోల్టేజీ గొడవ. నిలువు పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ) ఛానెల్ కావాలంటే బాక్సు 13 వోల్టులు, అడ్డం పోలరైజేషన్ కావాలంటే 18 వోల్టులు పైకి పంపుతుంది. కింది, పై ఫ్రీక్వెన్సీలు రెండూ పట్టే యూనివర్సల్ ఎల్ఎన్‌బీ అయితే 11,700 మెగాహెర్ట్జ్‌కు పైనున్న వాటి కోసం 22 కిలోహెర్ట్జ్ టోన్ కూడా జోడిస్తుంది. ఒకే అవుట్‌పుట్ ఉన్న ఎల్ఎన్‌బీ ఒక సమయంలో ఒక్క మాటే వినగలదు. స్ప్లిటర్‌లోని డయోడ్ల గుండా రెండు వోల్టేజీలు కలిసినప్పుడు ఎక్కువున్నదే గెలుస్తుంది. హాల్లో 13 వోల్టుల ఛానెల్ చూస్తుండగా పడగ్గదిలో 18 వోల్టులది పెడితే హాల్లో బొమ్మ ఆగిపోతుంది, పడగ్గదిలో ఛానెల్ మార్చగానే తిరిగొస్తుంది. ఫలానా టీవీ పెట్టినప్పుడే మాది పోతోంది అని చెప్పే ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. దీన్ని ఏ ఆంప్లిఫయరూ, ఎంత పెద్ద డిషూ బాగుచేయలేవు. ప్రతి బాక్సుకూ ఎల్ఎన్‌బీలో తన సొంత అవుట్‌పుట్ ఉండాలి. మిగతా లాభనష్టాలన్నీ దీని తర్వాతే.

అందుకే నా ఓటు క్వాడ్‌కు. నాలుగు అవుట్‌పుట్‌లలో దేని స్విచ్ దానిదే, ఒక గదిలో ఏం పెట్టినా ఇంకో గదికి సంబంధం లేదు. టీవీలు రెండే ఉన్నా రెండు అవుట్‌పుట్‌ల ట్విన్ బదులు క్వాడ్ తీసుకోమనే చెబుతాను. ఒక అవుట్‌పుట్ చచ్చిపోతే కేబుల్ పక్కదానికి మార్చుకోవచ్చు, మూడో టీవీ వచ్చిన రోజు డిష్‌ను మళ్లీ కదిలించనక్కర్లేదు. కొనేటప్పుడు డబ్బా మీది పేరు జాగ్రత్తగా చదవండి. క్వాట్రో అని ఉంటే అది వేరే వస్తువు. దానికీ నాలుగు అవుట్‌పుట్‌లే ఉంటాయి గానీ ఒక్కోదాంట్లో పావు వంతు ఛానెళ్లే వస్తాయి, మల్టీస్విచ్ (ఆ నాలుగు లైన్లూ తీసుకుని ప్రతి బాక్సుకూ అడిగింది అందించే పెట్టె) లేకుండా పనికిరాదు. 0.1 డీబీ నాయిస్ (ఎల్ఎన్‌బీ తానుగా కలిపే గరగర) అన్న ప్రచారానికి ఎక్కువ డబ్బు పెట్టకండి.

క్వాడ్‌కు ఉన్న ఒకే పెద్ద లోపం, ప్రతి టీవీకీ మేడ మీదినుంచి విడి కేబుల్ లాగాలి. గోడలో ఒకే పైపు, అందులో ఒకే కేబుల్ ఉన్న ఇళ్లవాళ్లు స్ప్లిటర్ వైపు మొగ్గేది ఇందుకే. వాళ్లకు స్ప్లిటర్ సరిపోయే సందర్భం ఒకటుంది. బాక్సు ఇన్‌స్టలేషన్ మెనూలో ట్రాన్స్‌పాండర్ల (ఉపగ్రహంలో ఛానెళ్లను పంపే ట్రాన్స్‌మిటర్లు) జాబితా తెరిచి చూడండి. మీరు చూసే ఛానెళ్లన్నీ వీ (నిలువు) లేదా అన్నీ హెచ్ (అడ్డం) అయి, ఫ్రీక్వెన్సీలన్నీ 11,700కు ఒకే పక్కన ఉంటే గొడవపడటానికి బాక్సులకు ఏమీ లేదు, స్ప్లిటర్ హాయిగా పనిచేస్తుంది. అప్పుడు కూడా కేబుల్ టీవీ స్ప్లిటర్ వాడకూడదు. దాని మీద 5–1000 అని ఉంటుంది, ఎల్ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ తగ్గించి కిందికి పంపే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. 5–2400 అని ఉన్నదే తీసుకోండి. అన్ని పోర్టులకూ పవర్ పాస్ (బాక్సు వోల్టేజీ పైకి వెళ్లే దారి) ఉందో లేదో కూడా చూడండి. ఒక్క పోర్టుకే ఉంటే, ఆ గదిలో స్విచ్ ఆపగానే ఇల్లంతా సిగ్నల్ పోతుంది.

క్వాడ్ బిగించేటప్పుడు పాత ఎల్ఎన్‌బీ ఎంత తిరిగి ఉందో, ఎంత లోపలికి దిగి ఉందో పట్టీ మీద మార్కర్‌తో గీత పెట్టుకుని తీయండి. కొత్తది అదే కోణంలో పెట్టాక క్వాలిటీ చూస్తూ కొంచెం కొంచెంగా తిప్పి, ఎక్కువ చూపిన చోట బిగించండి. కనెక్టర్లు తగిలించేటప్పుడు బాక్సులన్నీ గోడ దగ్గర ఆపి ఉండాలి. కేబుల్ లోపల మధ్య తీగ చుట్టూ అల్లిన జాలీలోని ఒక్క పోగు ఆ తీగకు తగిలినా షార్ట్ అయి బాక్సులోని ఎల్ఎన్‌బీ సప్లై పోవచ్చు. మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి 2, 3 మిల్లీమీటర్లు బయటికుంటే చాలు. చేత్తో తిప్పి పెట్టే కనెక్టర్ల కంటే కంప్రెషన్ కనెక్టర్లు నయం. వాడని అవుట్‌పుట్‌లకు రబ్బరు మూత పెట్టాలి. కేబుల్ ఎల్ఎన్‌బీ దగ్గర ఓ మడత కిందికి వేలాడి పైకెళ్లేలా కడితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి, కనెక్టర్‌లోకి దిగవు. కనెక్టర్ విప్పినప్పుడు మధ్య తీగ నల్లగా గానీ పచ్చగా గానీ కనిపిస్తే తుడిచి సరిపెట్టకండి. నీరు జాలీ వెంట కేబుల్ లోపలికి పాకి ఉంటుంది. పాడైనంత మేర కోసేసి, మెరిసే రాగి కనిపించిన చోట కొత్త కనెక్టర్ వేయాలి.

కేబుల్ తప్పును లక్షణాలతోనే పట్టొచ్చు. దూరపు గదిలో 18 వోల్టుల ఛానెళ్లు మాత్రమే రాకపోతే, సన్న తీగలోనో తుప్పు పట్టిన కనెక్టర్‌లోనో వోల్టేజీ పడిపోతోంది. 15 దగ్గరికి దిగితే ఎల్ఎన్‌బీ దాన్ని 13గా తీసుకుంటుంది. అలా కాకుండా పై ఫ్రీక్వెన్సీ ఛానెళ్లే ముందు పోతుంటే కేబుల్ పొడవెక్కువ, లేదా అది పాత రకం సన్న కేబుల్ ఆర్‌జీ59. ఆర్‌జీ6లోనే 100 మీటర్లకు 950 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 20 డీబీ పోతే 2150 దగ్గర 30 దాకా పోతుంది. కొత్తది కొంటే మధ్య తీగ పూర్తి రాగిదే అడగండి. రాగి పూత పూసిన ఇనుప తీగ సిగ్నల్‌ను బాగానే మోస్తుంది గానీ వోల్టేజీని దారిలో తినేస్తుంది. అయస్కాంతం పెడితే తెలిసిపోతుంది.

ఆంప్లిఫయర్ పనికొచ్చేది 40, 50 మీటర్లు దాటిన కేబుల్‌కే. పెడితే డిష్ వైపు పెట్టాలి, టీవీ వెనక పెడితే అప్పటికే పాడైన సిగ్నల్‌ను దాని గరగరతో సహా పెంచుతుంది. స్ట్రెంత్ గీత పైకి లేస్తుంది, క్వాలిటీ గీత అక్కడే ఉంటుంది. బొమ్మ నిలిచేది క్వాలిటీతో.

మేడ మీద కూడా క్వాలిటీ తక్కువగా ఉంటే పైవేవీ కొనకండి, ముందు డిష్ తిప్పించండి. ఫ్రీ డిష్ వచ్చే, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహం హైదరాబాద్ నుంచి ఆగ్నేయంగా సుమారు 63 డిగ్రీల ఎత్తులో, విజయవాడ నుంచి 65కు కాస్త పైన ఉంటుంది. ఆఫ్‌సెట్ డిష్ (ఎల్ఎన్‌బీ నడిమధ్యన కాక కిందివైపు ఉండే, ఇళ్ల మీది మామూలు డిష్) ముఖం మాత్రం 40 డిగ్రీలకే వాలినట్టు కనిపిస్తుంది. అందుకే ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు అడ్డమని చాలామంది తప్పుగా అనుకుంటారు. చెట్టు మూడు మీటర్ల దూరంలో ఉంటే, డిష్ కంటే ఆరు మీటర్లు పైకి పెరిగితేనే అడ్డం. తిప్పించినా వాన పడ్డప్పుడల్లా పోతుంటే 60 సెంటీమీటర్ల డిష్ బదులు 90ది వేస్తే 3.5 డీబీ కలిసొస్తుంది. కాకపోతే దాని చూపు సన్నం, గురి ఇంకా కచ్చితంగా ఉండాలి, గాలికి కదలని గొట్టం కావాలి.

నాలుగు దాటి టీవీలుంటే, లేదా అపార్ట్‌మెంట్ మొత్తానికి అయితే క్వాట్రో ఎల్ఎన్‌బీ, మల్టీస్విచ్. మల్టీస్విచ్‌కు విడిగా కరెంటు ఇవ్వాలి, ఇన్వర్టర్ లైన్ మీద పెట్టించండి. రెండు వేర్వేరు ఉపగ్రహాల సర్వీసులు చూసే ఇంటికి విడివిడిగా రెండు డిష్‌లు పెట్టడమే సులువు.