పాత ఫోర్ వీల్ డ్రైవ్, మొరాయించే ఆటోమేటిక్ గేర్‌బాక్స్: స్కానర్, ప్రెషర్ గేజ్ చాలాకాలం వాడాక నా సమీక్ష

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మొరాయిస్తే చాలామంది ముందు కొనేది స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు, సెన్సర్ రీడింగులు చదివే పరికరం. నేను స్కానర్‌నీ, గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ కొలిచే గేజ్‌నీ ఏళ్లుగా పక్కపక్కనే వాడుతున్నాను. రెండూ పనికొస్తాయి. కానీ ఒకటే కొనగలిగితే ఏది కొనాలని ఎవరైనా అడిగితే నిస్సందేహంగా గేజ్ కొనమంటాను.

నా బండిది నాలుగు స్పీడ్ల ఆటోమేటిక్. సోలెనాయిడ్లతో, అంటే ఆయిల్ దారిని తెరిచి మూసే విద్యుత్ వాల్వులతో, గేర్లు మారతాయి. వెనక విడిగా ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) ఉంది, హై, లో రేంజిలు ఉన్నాయి. చల్లగా ఉన్నంతసేపు ఏ వంకా పెట్టలేం. బాగా వేడెక్కాక, అదీ ఎత్తు ఎక్కుతున్నప్పుడు, రెండో గేర్ నుంచి మూడుకు మారేచోట ఆర్‌పీఎం ఒక్కసారి పైకి లేచేది, ఆ తర్వాతే గేర్ పట్టేది. రివర్స్ వేస్తే కాసేపు ఏమీ జరగదు, ఆ తర్వాత దబ్బున కదిలేది. ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. ఆయిల్ చూసే డిప్‌స్టిక్ కూడా బయటికి తీయలేదు. ఏం పాడైందో తెలియకుండా అంత పెద్ద పనికి ఒప్పుకోవడం నాకు నచ్చలేదు.

ఏ పరికరమైనా తగిలించేముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడాలి. బండి సమతలంగా ఉండాలి, ఆయిల్ వేడిగా ఉండాలి, ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండాలి. లివర్‌ను అన్ని గేర్లలోకీ ఓసారి తిప్పి పార్క్‌లో పెట్టి చూడాలి. కొన్ని గేర్‌బాక్సులకు న్యూట్రల్‌లో చూడాలని ఉంటుంది, కాబట్టి మాన్యువల్ చూసుకోండి. నాది ముదురు గోధుమ రంగుకు తిరిగింది, కొద్దిగా మాడు వాసన వచ్చింది. అంటే ఎక్కడో క్లచ్ ప్లేట్లు (ఆయిల్ ప్రెషర్‌తో ఒకదానికొకటి నొక్కుకుని గేర్ పట్టించేవి) జారి కాలుతున్నాయని అర్థం. ఏ క్లచ్చో మాత్రం ఆయిల్ చెప్పదు. గులాబీ రంగులో పాలలా కనిపిస్తే విషయం వేరు. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ కలుస్తోందన్నమాట. అలాంటి బండిని ఇక నడపకూడదు.

ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గుతూ ఉంటుంది, కింద మాత్రం ఒక్క చుక్క కూడా కనిపించదు. అవుట్‌పుట్ షాఫ్ట్ సీల్ పోతే ఆ ఆయిల్ ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి వెళ్లిపోతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ లెవెల్ ప్లగ్ విప్పగానే ఆయిల్ ధారగా కారితే అనుమానం బలపడుతుంది. కొన్ని ట్రాన్స్‌ఫర్ కేసుల్లో కూడా ఇదే రకం ఆయిల్ వాడతారు కాబట్టి రంగును బట్టి తేల్చుకోలేం, లెవెల్‌ను బట్టే తేల్చుకోవాలి. బండి ఆగేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు వచ్చే దెబ్బను కూడా గేర్‌బాక్స్ ఖాతాలో వేస్తారు. చాలాసార్లు అది చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ స్లిప్ జాయింట్‌లో గ్రీజు ఆరిపోవడమో, యూనివర్సల్ జాయింట్ అరగడమో అయి ఉంటుంది. బండి కిందకు దూరి షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి చూస్తే తెలిసిపోయే సంగతి.

ఇక స్కానర్. చవక అడాప్టర్ పెట్టి మామూలు యాప్‌తో చూస్తే ఇంజిన్ వివరాలు తప్ప ఇంకేమీ కనిపించవు. పీ 0700 అనే కోడ్ వచ్చినా, ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, అక్కడ వెతుక్కోండి అనే దాని అర్థం. అసలు కోడ్ చదవాలంటే మీ బండి తయారీదారు డేటాను చదవగలిగే స్కానర్ కావాలి. నేను అలాంటిదే తీసుకున్నాను. దానిలోనూ నాకు చాలాకాలం ఒక్క కోడ్ కూడా రాలేదు. కంప్యూటర్ లోపంగా లెక్కించేంతసేపు గేర్ జారడం లేదు మరి. కోడ్ లేదంటే గేర్‌బాక్స్ బాగున్నట్టేనని అనుకుంటే ప్లేట్లు పూర్తిగా కాలిపోయేదాకా బండి నడుపుతాం.

కోడ్‌ల సంగతి అలా ఉంచితే, లైవ్ డేటా మాత్రం చాలా ఉపయోగపడింది. ఈ గేర్‌బాక్స్‌లో మూడో గేర్ నిష్పత్తి ఒకటికి ఒకటి. అంటే గేర్ పూర్తిగా పట్టుకుంటే టర్బైన్ వేగం (ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ ఆయిల్‌తో కలిపే టార్క్ కన్వర్టర్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వచ్చే వేగం), బయటికి వెళ్లే అవుట్‌పుట్ షాఫ్ట్ వేగం సమానంగా ఉండాలి. వేడి మీద మూడో గేర్‌లో గట్టిగా తొక్కితే టర్బైన్ వేగం ఎక్కువ చూపించింది. ఆ తేడా అంతా ప్లేట్లు జారడమే. ఈ రెండు అంకెలూ సరిపోయి కూడా బండి లాగకపోతే, లోపం గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనో షాఫ్టుల్లోనో, లేదా ముందున్న ఇంజిన్‌లోనో టార్క్ కన్వర్టర్‌లోనో వెతకాలి. మీ బండిలో అవుట్‌పుట్ సెన్సర్ ట్రాన్స్‌ఫర్ కేస్ మీద ఉంటే, లో రేంజిలో ఆ నిష్పత్తిని కూడా లెక్కలో కలపాలి.

ఆయిల్ టెంపరేచర్ చూడటానికి కూడా స్కానర్ బాగుంటుంది. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండేది, ఇసుకలో మెల్లగా ఎక్కుతుంటే 110 దాటేది. లో రేంజిలోకి మార్చగానే టార్క్ కన్వర్టర్‌లో జారుడు తగ్గి వేడి దిగడం కళ్లారా చూడొచ్చు. తారు రోడ్డు మీద మాత్రం ఈ పని చేయకండి. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు, వెనక షాఫ్టులు బిగుసుకుపోతాయి.

అసలు విషయం బయటపెట్టింది గేజ్. గేర్‌బాక్స్ పక్కన లైన్ ప్రెషర్, అంటే పంపు నుంచి క్లచ్‌లకు వెళ్లే ఆయిల్ ప్రెషర్, చూసే చిన్న ప్లగ్ ఉంటుంది. అది విప్పి, సరిపోయే మరలున్న అడాప్టర్‌తో గేజ్ తగిలించాలి. కనీసం 300 పీఎస్ఐ (ప్రెషర్ కొలమానం) దాకా చూపించే గేజ్ తీసుకోండి. రివర్స్‌లో ప్రెషర్ 200 దాటే గేర్‌బాక్సులు చాలా ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్ గేజ్ పెడితే ముల్లు చివరిదాకా వెళ్లి కొట్టుకుంటుంది, గేజ్ పాడవుతుంది. గొట్టం పొడుగ్గా ఉంటేనే సీట్లో కూర్చుని చూడగలం. సైలెన్సర్ పైపుకూ, తిరిగే షాఫ్ట్‌కూ తగలకుండా కట్టుకోవాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందుకు వెళ్లే షాఫ్ట్ కూడా అదే పక్కన తిరుగుతుంటే ఈ పని ఇంకా జాగ్రత్తగా చేయాలి.

చల్లగా ఉన్నప్పుడు అన్ని గేర్లలోనూ ప్రెషర్ మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుల్లోనే ఉంది. వేడెక్కాక ఐడిల్‌లో డ్రైవ్ వేస్తే అప్పుడూ బాగానే ఉంది. రివర్స్ వేయగానే మాత్రం ముల్లు ఉండాల్సిన చోటికి బాగా కిందనే ఆగిపోయింది. అన్ని గేర్లలోనూ తక్కువుంటే పంపునో, ఫిల్టర్‌నో, ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ వాల్వ్‌నో అనుమానించాలి. ఒకటి రెండు గేర్లలోనే తక్కువుంటే, ఆ గేర్లలో పనిచేసే క్లచ్ దారిలోనే ఆయిల్ లీకవుతోందని అర్థం. ఏ గేర్‌లో ఏ క్లచ్ పనిచేస్తుందో చెప్పే పట్టిక ప్రతి రిపేర్ మాన్యువల్‌లోనూ ఉంటుంది. నా గేర్‌బాక్స్‌లో మూడో గేర్‌లో, రివర్స్‌లో రెండిట్లోనూ పనిచేసేది డైరెక్ట్ క్లచ్ ఒక్కటే. నా బండి ఇబ్బందిపెట్టేది సరిగ్గా ఆ రెండుచోట్లే. రోడ్డు మీద చూస్తే మూడుకు మారగానే ముల్లు పడిపోయి మెల్లగా మళ్లీ లేస్తోంది. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ పంపు ఎక్కువ ఆయిల్ తోడి లీకును కప్పేస్తుంది కాబట్టి, వేడి మీద ఐడిల్‌లో చూసిన రీడింగే ఎక్కువ నమ్మదగ్గది.

స్టాల్ టెస్ట్ గురించి అందరూ చెబుతారు. బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి ఆర్‌పీఎం ఎంతవరకు వెళ్తుందో చూడటం. ఐదు సెకన్లు దాటకూడదు, తర్వాత న్యూట్రల్‌లో కాసేపు నడిపి ఆయిల్ చల్లారనివ్వాలి. ఇప్పటికే జారుతున్న క్లచ్ మీద ఈ పరీక్ష పెట్టడం నాకు ఇష్టం లేదు. గేజ్ అంతకన్నా స్పష్టంగా చెప్పేసింది.

ఆ రీడింగులు రాసుకున్న కాగితంతో ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన మాన్యువల్ తెరిచి పట్టిక పక్కన పెట్టుకుని చూసి, ముందు గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే పాన్ దింపాడు. అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్ట్ ఉంది, అది మామూలే. దాంతోపాటు నల్లటి రేణువులున్నాయి, ఇనుప ముక్కలు మాత్రం లేవు. గేర్‌బాక్స్ దించి విప్పితే డైరెక్ట్ క్లచ్ పిస్టన్ సీల్స్ గట్టిపడి, వంచితే విరిగేలా ఉన్నాయి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి వాటి పక్క నుంచి ఎక్కువ పోదు, వేడెక్కి పలచబడగానే పోతుంది. ఆ ఒక్క క్లచ్ ప్లేట్లే నల్లగా కాలాయి. పంపు, గేర్లు బాగున్నాయి. విప్పాం కాబట్టి సీల్స్ అన్నీ, ఫిల్టర్, ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు సీల్ కూడా కొత్తవి వేయించాను. కూలర్ పైపులను బాగా కడిగించాను, కాలిన ప్లేట్ల పొడి అక్కడే దాక్కుంటుంది.

వేడి మీద ఐడిల్‌లో రివర్స్ ప్రెషర్ ఇప్పుడు మాన్యువల్ హద్దుల్లోకి వచ్చింది. మూడో గేర్‌లో రెండు వేగాలూ కలుస్తున్నాయి. గేజ్‌లో నాకు నచ్చనిది ఒక్కటే. ప్రతిసారీ బండి కిందకు దూరాలి, ప్లగ్ విప్పినప్పుడల్లా వేడి ఆయిల్ చేతి మీద పడే ప్రమాదం ఉంది. అందుకని బండి చల్లగా ఉన్నప్పుడే తగిలించి, తర్వాత వేడెక్కేదాకా నడుపుతాను. మీకు ఈ పని చేసుకునే వీలు లేకపోతే, గేర్‌బాక్స్ మార్చాలన్నవాళ్లను వేడి మీద తీసిన ప్రెషర్ రీడింగులు గేర్‌వారీగా రాసివ్వమని అడగండి.