జీడీబీ: ఆగకుండా తిరిగిన లెక్సర్‌ను నాకు ఆపి చూపించిన డీబగ్గర్

కావలిలో మా ఇంటి వసారాలో ఆదివారం పూట పదిమంది పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పిస్తాను. ఎక్కువమంది తెలుగు మీడియం వాళ్లు. ఇఫ్, వైల్ లాంటి మాటలు గుర్తుపెట్టుకోవడంలోనే వాళ్ల ఓపికంతా అయిపోతుంటే చూడలేక, రెండేళ్ల కిందట సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక బుల్లి భాష రాశాను. అందులో "చెప్పు" అంటే తెర మీద చూపిస్తుంది, "ఒకవేళ" అంటే షరతు చూస్తుంది, పేర్లన్నీ తెలుగులో పెట్టుకోవచ్చు. ఆ భాష ఒకరోజు పిల్లల ముందే ఆగకుండా తిరగడం మొదలుపెట్టింది. దాన్ని మధ్యలో ఆపి లోపలేం జరుగుతోందో నాకు చూపించింది జీడీబీ అనే డీబగ్గర్, అంటే ప్రోగ్రాంలో తప్పులు వెతకడానికి వాడే పనిముట్టు. అప్పట్నుంచి తొమ్మిది నెలలుగా వాడుతున్నాను కాబట్టి దాని మంచీ చెడూ రాస్తున్నాను.

ముందు ఆ రోజు సంగతి చెప్పాలి. తుమ్మలపెంట వైపు నుంచి తొమ్మిదో తరగతి పిల్లోడొకడు వస్తాడు. వాళ్ల నాన్నది రొయ్యల చెరువు. మేత ఖర్చు లెక్క కట్టే ప్రోగ్రాం రాస్తానని ముందురోజే ఇంట్లో కూర్చుని ఫోన్లో టైపు చేసుకొచ్చాడు. మొదటి రెండు వరుసలు ఇవి:

చెరువులు = 2
ఫీడ్‌బస్తాలు = 14

రన్ చేశాడు. తెర మీద ఏమీ రాలేదు. ఫ్యాన్ చప్పుడు పెరిగింది. కాసేపటికి మౌస్ బాణం కూడా కదలడం మానేసింది. "ఏందక్కా, ఇట్టా బిగుసుకుపోయింది?" అన్నాడు, తనే ఏదో పాడు చేశాననే భయంతో. నాలుగు జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్ అది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సి వచ్చింది. "నువ్వేం చెయ్యలేదు నాన్నా, తప్పు నా కోడ్‌లో ఉండాది, వచ్చే వారానికి బాగుచేసి పెడతా" అన్నాను. వాడు తలూపాడు గానీ మళ్లీ ఆ కీబోర్డు ముట్టుకోలేదు. నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వనిది అదే.

ఇంటికెళ్లి వాడు ఫైలు నాకు పంపాడు. నేను మొదట చేసింది చాలామంది చేసేదే, ఎక్కడిదాకా వచ్చిందో తెర మీద చూపించేలా కోడ్ నిండా ప్రింట్‌ఎఫ్‌లు పెట్టడం. ఒకటే వరుస లక్షలసార్లు పరుగెత్తింది. పనికొచ్చే మొదటి వరుసలు పైకి పోయి కనపడకుండా పోయాయి. తప్పు లెక్సర్‌లో ఉందని మాత్రం తెలిసింది. లెక్సర్ అంటే ప్రోగ్రాం పాఠాన్ని ఒక్కో అక్షరం చూసుకుంటూ ఇది పేరు, ఇది అంకె, ఇది గుర్తు అని టోకెన్లుగా విడగొట్టే భాగం. దాంట్లో ఎక్కడ, ఎందుకు అన్నది ప్రింట్‌ఎఫ్‌లు చెప్పలేకపోయాయి.

అప్పుడు జీడీబీ తెరిచాను. గ్నూ డీబగ్గర్ అని పూర్తి పేరు. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో దీన్ని మొదట రాశారు. అప్పట్నుంచీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, పైసా ఖర్చు లేదు. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో ఒక్క కమాండుతో వచ్చేస్తుంది. సీ ప్రోగ్రాంను కంపైల్ చేసేటప్పుడు డీబగ్గర్‌కు కావలసిన సమాచారం చేర్చే హైఫన్ జీ అనే ఆప్షన్ ఇవ్వాలి, వేగం కోసం కోడ్‌ను మార్చేసే ఆప్టిమైజేషన్ తీసెయ్యాలి. ఆప్టిమైజేషన్ ఉంటే చాలా చరరాశుల విలువ అడిగినప్పుడు "ఆప్టిమైజ్డ్ అవుట్" అని ముఖం చాటేస్తుంది. ఈ రెండూ చెయ్యకుండా జీడీబీ బాగాలేదని వదిలేసినవాళ్లను చూశాను. చేసి చూడండి, మాట మార్చుకుంటారు.

రన్ అన్నాను. బిగుసుకుపోగానే కంట్రోల్ సీ నొక్కాను. మామూలుగా అయితే ప్రోగ్రాం చచ్చిపోతుంది. జీడీబీ లోపల ఉంటే ఎక్కడున్నది అక్కడే ప్రాణంతో నిలబడుతుంది. నాకు దీంట్లో అన్నిటికన్నా విలువైన గుణం ఇదే. క్రాష్ అయిన ప్రోగ్రాం ఎక్కడ పడిందో చెప్పి పోతుంది. ఆగని ప్రోగ్రాం అదీ చెప్పదు, మనమే వెళ్లి చెయ్యి పట్టుకోవాలి.

బీటీ అని కొడితే ఎవరు ఎవర్ని పిలిచారో వరసగా చూపించింది. మెయిన్, అది పిలిచిన టోకెన్లు పోగుచేసే ఫంక్షన్, అది పిలిచిన తర్వాతి టోకెన్ తెచ్చే ఫంక్షన్. ఇక్కడ నాకు రెండు అనుమానాలు. టోకెన్ తెచ్చే ఫంక్షన్ తన లోపలే తిరుగుతోందా, లేక అది బాగానే తిరిగొస్తుంటే దాన్ని పిలిచేవాడు మళ్లీ మళ్లీ పిలుస్తున్నాడా? ఫినిష్ అని కొట్టాను. ఇప్పుడున్న ఫంక్షన్ అయిపోయేదాకా నడిపి, అది తిరిగిచ్చిన విలువ చూపించే కమాండు అది. లోపల తిరుగుడు ఉంటే ఫినిష్ ఎప్పటికీ తిరిగిరాదు. వెంటనే వచ్చింది. వచ్చిన టోకెన్: రకం పేరు, మొదలు 41, పొడవు 0.

పొడవు సున్నా ఉన్న పేరు! మళ్లీ నడిపించి మళ్లీ ఆపాను. మొదలు 41, పొడవు 0. మూడోసారీ అదే. అక్షరం కూడా లేని టోకెన్లను నా లెక్సర్ లక్షల్లో తయారు చేసి జాబితాలో వేసుకుంటూ పోతోంది. మెమరీ నిండి ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది అందుకే.

ఇంకొకటి కూడా చేశాను, ఇది ఎవరైనా నేర్చుకోదగ్గది. వాచ్ అనే కమాండుతో "ఈ చరరాశి మారినప్పుడు నన్ను పిలువు" అని జీడీబీకి చెప్పొచ్చు. లెక్సర్ ప్రస్తుతం ఎక్కడ చదువుతోందో దాచుకునే స్థానం మీద వాచ్ పెట్టి కంటిన్యూ అన్నాను. అది పిలవనే లేదు. కుళాయి కింద బిందె పెట్టి నీళ్ల చప్పుడు కోసం కూర్చున్నట్టు కూర్చున్నాను, చుక్క పడలేదు. మామూలుగా వాచ్ మోగితే సమాచారం. ఆగని లూపులో మాత్రం మోగకపోవడమే సమాచారం: కదలాల్సింది కదలడం లేదు.

ఆ 41 ఎక్కడిదో వేళ్ల మీద లెక్కపెట్టాను. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. "చెరువులు"లో హల్లులు నాలుగు, గుణింతం గుర్తులు నాలుగు, మొత్తం ఎనిమిది, అంటే 24 బైట్లు. ఖాళీలు రెండు, సమానం గుర్తు, 2 అంకె, వరుస ముగింపు కలిపి ఇంకో ఐదు. 29. తర్వాతి వరుసలో ఫ, దాని దీర్ఘం గుర్తు, డ, పొల్లు కలిపి నాలుగు, 12 బైట్లు. 41 అయింది. అంటే "ఫీడ్" దాకా సక్రమంగా చదివి, "బస్తాలు" మొదలు కాకముందే ఆగింది. ఆ సందులో కంటికి కనిపించేది ఏమీ లేదు.

ఎక్స్ అనే కమాండు మెమరీలో బైట్లను ఉన్నదున్నట్టు చూపిస్తుంది. 41 దగ్గర మూడు బైట్లు అడిగాను, హెక్స్ అంటే పదహారు ఆధారంగా రాసే అంకెల్లో: ఈ2, 80, 8సీ. తెలుగు గుర్తులన్నీ ఈ0తో మొదలవుతాయి. ఇది ఈ2. చూడగానే తెలిసింది. జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పక్కపక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కనిపించని గుర్తు.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఇది తెలిసిన చుట్టమే. పొల్లు తర్వాత ఇంకో హల్లు వస్తే తెలుగు లిపి దాన్ని వత్తుగా కిందికి దించేస్తుంది. మధ్యలో ఈ కనిపించని గుర్తు లేకపోతే వాడు రాసింది "ఫీడ్బస్తాలు" అయిపోయేది, డకు బ వత్తు పడి. అలా ఎవరు చదువుతారు? వాడి ఫోన్ కీబోర్డు సరైన పనే చేసింది. వాడు సరైన తెలుగే రాశాడు. సరైన తెలుగును ఒప్పుకోనిది తెలుగు పిల్లల కోసం నేను రాసిన లెక్సర్. ఈ సంగతి నన్ను చాలా కష్టపెట్టింది.

నా తప్పు ఇదీ. బైటు విలువ 127 దాటితే "ఇది పేరు అయ్యుంటుంది" అని పేరు చదివే ఫంక్షన్‌కు పంపాను. ఆ ఫంక్షనేమో అన్ని భాషల అక్షరాలకూ అంకెలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకిచ్చిన 128 గళ్లలో ఉన్నవాటినే ఒప్పుకుంటుంది. కనిపించని ఆ గుర్తు ఆ గళ్లలో లేదు. కాబట్టి లోపలికి వెళ్లి, ఒక్క బైటు కూడా తీసుకోకుండా, ఖాళీ చేతులతో బయటికొచ్చి "ఇదిగో పేరు" అంది. ఇద్దరు కాపలావాళ్లు, ఇద్దరికీ వేరు వేరు నియమాలు. మధ్యలో చిక్కుకున్న అక్షరం అక్కడే ఉండిపోయింది.

దిద్దుబాటు మూడు చోట్ల చేశాను. పేరు మధ్యలో, పొల్లు తర్వాత వచ్చే నాన్ జాయినర్‌ను ఒప్పుకోవడం ఒకటి. ఏ రకానికీ చెందని గుర్తు వస్తే తప్పు టోకెన్ ఇచ్చి ఆ గుర్తును పూర్తిగా దాటడం రెండోది. ఒక్క బైటు దాటితే చాలదు, మూడు బైట్ల గుర్తు మధ్యలో దిగబడి ఒకే తప్పుకు మూడు తప్పులు చూపిస్తుంది. మూడోది నాకు ముఖ్యం: టోకెన్ తెచ్చే ఫంక్షన్ తిరిగొచ్చేటప్పుడల్లా, ఫైలు చివర కాకపోతే, స్థానం కనీసం ఒక బైటైనా ముందుకు కదిలిందా అని అసర్ట్ పెట్టాను, అంటే షరతు తప్పితే ప్రోగ్రాంను అక్కడే ఆపేసే తనిఖీ. ఇకమీదట ఆ ఫంక్షన్ ఖాళీ చేతులతో తిరిగొస్తే బిగుసుకుపోవడానికి బదులు అరిచి ఆగుతుంది.

పిల్లలకు దీన్ని రొయ్యలతోనే చెప్పాను. బల్ల దగ్గర కౌంటు ప్రకారం రొయ్య వేరు చేసేవాళ్లకు ఏ బుట్టకూ రాని రొయ్య చేతికొస్తే ఏం చేస్తారు? "అవతల ట్రేలో పడేస్తారక్కా" అన్నాడు వాడే. ఆ ట్రే లేదురా నా లెక్సర్‌కి, అందుకే చేతిలోది చేతిలోనే పెట్టుకుని నిలబడిపోయింది అన్నాను. వాడి ముఖంలో అర్థమైన వెలుగు నాకు బాగా గుర్తు.

జీడీబీ తర్వాత కూడా రెండుసార్లు ఆదుకుంది. కొటేషన్ గుర్తు మూయడం మరచిపోయిన ప్రోగ్రాంతో ఇంకో తిరుగుడు వచ్చింది. ఫైలు అయిపోయాక కూడా మూసే గుర్తు కోసం వెతుకుతూనే ఉంది. ఈసారి ఫినిష్ తిరిగిరాలేదు, అంటే తప్పు లోపలే. అరనిమిషంలో దొరికింది. రెండోది టీవీకి తగిలించి వాడే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పైలో. ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆగే పాత కోడ్ దాంట్లో ఆగలేదు. జీడీబీలో అడిగితే అక్షరం విలువ 255 అని చూపించింది. ఫైలు అయిపోయిందనే గుర్తు మైనస్ 1. దాంట్లో ఉండే ఆర్మ్ రకం ప్రాసెసర్ మీద లినక్స్‌లో, ఒక బైటు పట్టే చార్ రకానికి మామూలుగా మైనస్ విలువలు ఉండవు, కాబట్టి ఆ రెండూ ఎప్పటికీ సమానం కావు. ఇంట్ రకంలో చదివితే సరిపోయింది.

లోపాలూ ఉన్నాయి. చార్‌ను అడిగితే తెలుగు అక్షరం రాదు. మైనస్ 30 అనో, బ్యాక్‌స్లాష్ 342 అనో ఒక్కో బైటును చూపిస్తుంది. బైట్ల లెక్క తెలియని పిల్లలకు అది గోడ లాంటిది. మొదట్లో డీబగ్‌ఇన్ఫోడీ (డీబగ్ సమాచారాన్ని నెట్ నుంచి తెచ్చే సేవ) కావాలా అని అడుగుతుంది, ఏం చెప్పాలో తెలియక ఇద్దరు పిల్లలు అక్కడే ఆగిపోయారు. వద్దని చెప్తే చాలు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాంకు తగులుకుందామంటే ఉబుంటు మామూలుగా అనుమతించదు, సుడో, అంటే అడ్మిన్ అధికారంతో నడిపే కమాండు, కావాలి. కమాండ్లన్నీ గుర్తుండాలి. నేను ఒక కాగితం మీద ఆరు రాసి గోడకు అంటించాను: రన్, బీటీ, ఫినిష్, వాచ్, ప్రింట్, కంటిన్యూ. ఖాళీగా ఎంటర్ నొక్కితే ముందు కమాండే మళ్లీ నడుస్తుందని కింద రాశాను. ఒక్కో అడుగూ వేస్తూ చూసేటప్పుడు అది ఎంత సుఖమో. 2009లో వచ్చిన 7.0 నుంచి వెనక్కి నడిపించే సౌకర్యం కూడా ఉంది. చిన్న ముక్క మీద బాగుంటుంది, పెద్దదాని మీద నా పాత ల్యాప్‌టాప్‌లో రొంత ఓపిక పట్టాలి.

సీ గానీ సీ ప్లస్ ప్లస్ గానీ రాసేవాళ్లు, ముఖ్యంగా సొంతంగా లెక్సరో పార్సరో మొదలుపెట్టే డిప్లొమా, బీటెక్ పిల్లలు మొదటి వారంలోనే దీన్ని నేర్చుకోమని గట్టిగా చెప్తాను. నడిపేముందు యూలిమిట్ అనే కమాండుతో మెమరీకి ఒక హద్దు పెట్టుకోండి, పాత మెషీన్ అయితే తప్పనిసరి. నా మార్కులు ఐదుకు నాలుగున్నర. ఆ అర మార్కు తెలుగు అక్షరాన్ని ముక్కలు చేసి చూపించినందుకు తగ్గించాను.

ఆ పిల్లోడు తర్వాతి ఆదివారం వచ్చాడు. అదే ఫైలు, అదే పేరు. 14 బస్తాలు, బస్తాకు 25 కిలోలు, 350 అని తెర మీద పడింది. కిందటి వారం ఇంకో అమ్మాయి అంకె ముందు రూపాయి గుర్తు పెట్టింది. "మూడో వరుస: ఈ గుర్తు నాకు తెలియదు" అని వచ్చింది. ఆ పిల్ల గుర్తు చెరిపేసి మళ్లీ రన్ నొక్కింది.