కాంట్రిబ్యూటర్ కవెనెంట్: మా స్వచ్ఛంద గ్రూపులో ఏళ్ల తరబడి వాడి చూశాక

కాంట్రిబ్యూటర్ కవెనెంట్ అంటే ఒక గ్రూపులో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మసలుకోవాలో చెప్పే ప్రవర్తనా నియమావళి. నియమావళికి సమీక్ష ఏమిటని మా గ్రూపులోనే ఒకరు నవ్వారు. ఇంట్లో మిక్సీని వాడినట్టే దీన్నీ వాడుతున్నాం. మధ్యలో రెండు మూడు మరమ్మతులు చేశాం, ఒకసారి షాకు కూడా కొట్టింది. ఇంత వాడాక నాలుగు మాటలు రాయడంలో తప్పులేదనిపించింది.

ముందుగా మేమెవరమో చెప్పాలి. బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లం కొందరం కలిసి పాత తెలుగు పుస్తకాల మీద పని చేస్తుంటాం. రచయిత కన్నుమూసిన మరుసటి సంవత్సరం నుంచి లెక్కేసి అరవై ఏళ్లు దాటితే మన దేశంలో కాపీరైటు తీరిపోతుంది. అలాంటి పుస్తకాల స్కాన్లను, బొమ్మలోని అచ్చును చదివి అక్షరాలుగా మార్చే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, అది చేసిన కంగాళీని పేజీ పేజీగా సరిదిద్ది, ఎవరైనా చదువుకునేలా పెడతాం. పైసా ఆదాయం లేదు. సగం మంది కంప్యూటర్ ఉద్యోగాల కోసం అనంతపురం, గుంటూరు, ఖమ్మం వంటి ఊళ్ల నుంచి వచ్చి మారతహళ్లి, వైట్‌ఫీల్డు చుట్టుపక్కల స్థిరపడినవారు. మిగతా సగం తాతల నాటి నుంచీ ఈ నగరంలోనే ఉన్న కుటుంబాలవారు. వాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పనంతా ఆన్‌లైన్‌లోనే. ఎప్పుడైనా ఆదివారం కబ్బన్ పార్కులో కూర్చుంటాం, అంతే.

ఇలాంటి చోట గొడవలు ఎందుకొస్తాయని అడగవచ్చు. అరసున్న ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్న మీద మనుషులు ఎంత దూరం వెళ్లగలరో చూడనివారు చెప్పినా నమ్మరు. అవుటర్ రింగ్ రోడ్డులో రెండు గంటలు ఇరుక్కుని ఇల్లు చేరిన మనిషి, రాత్రి పదింటికి వేరొకరు దిద్దిన పేజీ తెరిచాడంటే ఆ రోజు పడిన విసుగంతా ఆ పేజీ మీదే తీర్చుకుంటాడు. జీతం లేని చోట మనిషిని నిలబెట్టేది మర్యాద ఒక్కటే. అది పోయిన రోజున రాజీనామా ఉత్తరమేమీ రాదు. మెసేజిలకు జవాబు ఆగిపోతుంది, తీసుకున్న పేజీలు అలాగే ఉండిపోతాయి. అలా కొందరు జారిపోయాక, వెళ్లినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లూ కొత్తవాళ్లూ అని గమనించాక రాతపూర్వకంగా ఏదో ఒకటి ఉండాలనుకున్నాం.

వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ బోర్డు 2021లో ఆమోదించిన సార్వత్రిక ప్రవర్తనా నియమావళిని మొదట చదివాం. విషయం బాగుంది, వేధింపు రకాలను విడమరిచి చెప్పిన తీరు ఇంకా బాగుంది. కానీ దాని వెనక అమలు మార్గదర్శకాలు, వాటి మీద ఓటింగులు, ఎన్నికైన కమిటీ ఉన్నాయి. మా గ్రూపుకు అంత బరువు మోసే భుజాలు లేవు. అందుకే కాంట్రిబ్యూటర్ కవెనెంట్ తీసుకున్నాం. కోరలైన్ ఆడా ఎమ్కీ 2014లో ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే, సాఫ్ట్‌వేర్ బృందాల కోసం దీన్ని రాశారు. 2018 సెప్టెంబరులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నెల్ బృందం దీన్ని చేపట్టడంతో పేరు మరింత మోగింది. అదే సమయంలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన కటువైన ఈమెయిళ్లకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. మేము వాడుతున్నది 2021 నాటి 2.1 కూర్పు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంది కాబట్టి తెలుగు చేసుకోవడానికి, మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చదవడానికి పది నిమిషాలు చాలు.

ఇందులో అసలు పనికొచ్చే భాగం చివర్లో ఉంది. చేయకూడని పనుల జాబితా ఏ నియమావళిలోనైనా ఉంటుంది. దీనిలో 2.0 కూర్పు నుంచి నాలుగు మెట్ల అమలు పద్ధతి చేరింది. మొదటిది సరిదిద్దడం, రెండోది హెచ్చరిక, మూడోది తాత్కాలిక నిషేధం, నాలుగోది శాశ్వత నిషేధం. మొదటి మెట్టులో ముఖ్యంగా చేసేది ఇది: ఆ మనిషికి విడిగా ఉత్తరం రాసి, ఏది తప్పో, ఎందుకు తప్పో వివరించడం. మా అనుభవంలో నూటికి తొంభై పాళ్లు పని ఆ ఉత్తరంతోనే జరిగిపోతోంది.

ఒక సంగతి చెబితే తేలికగా అర్థమవుతుంది. మా గ్రూపులో పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు ఒకరున్నారు. పాత అచ్చు చదవడంలో ఆయనకు సాటి లేదు. చేరి నెల కూడా కాని ఒక అమ్మాయి దిద్దిన పేజీలో రెండు చోట్ల వత్తులు తారుమారయ్యాయి, ఱ ఉండాల్సిన చోట ర పడింది. మాస్టారు ఆ పేజీని ఫొటో తీసి, తప్పుల చుట్టూ ఎర్ర గీతలు గీసి, రాత్రిపూట అందరూ చూసే చోట పెట్టారు. కింద ఒక వ్యాఖ్య: ‘‘కన్నడ బడిలో చదివినవారికి ఇవ్వవలసిన పేజీయేనా ఇది? తల్లీ, ముందు గుణింతాలు దిద్దుకుని రండి.’’ ముగ్గురు నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ అమ్మాయి ‘‘సరే మాస్టారూ’’ అని రాసి ఊరుకుంది.

ఈ వ్యాఖ్యలో బూతు లేదు, బెదిరింపు లేదు. ‘‘తల్లీ’’ అన్నారు, ‘‘రండి’’ అన్నారు. నియమావళి లేని రోజుల్లో అయితే ఎవరో ఒకరు ‘‘పెద్దాయన, పోనీలెండి’’ అని సర్దేసేవారు. ఈసారి ఫిర్యాదులు చూసే ముగ్గురం కూర్చుని ఇలా రాశాం:

‘‘మాస్టారూ, నమస్కారం. నిన్న రాత్రి మీరు పెట్టిన ఫొటో గురించి ఈ ఉత్తరం. తప్పులు పట్టడం మీరు చేస్తున్న పెద్ద సాయం, అది మానవద్దు. అయితే ఒకరి పేజీని అందరి ముందూ పెట్టి వారు చదివిన బడిని ఎత్తిపొడవడం, మన నియమావళిలో చదువు గురించీ అనుభవం గురించీ ఉన్న వాక్యానికి విరుద్ధం. దయచేసి ఆ ఫొటో తీసేయండి. ఇకపై దిద్దుబాట్లు పేజీ పక్కనున్న గడిలోనే రాయండి. ఈ ఉత్తరం మీకూ మా ముగ్గురికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.’’

ఆయన ఫోన్ చేసి అరగంట కోప్పడ్డారు. ‘‘నా శిష్యులు జిల్లా అధికారులయ్యారు, నాకు మీరు ఉత్తరం రాస్తారా’’ అన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి ఫొటో తీసేశారు. క్షమాపణ చెప్పలేదు, ఇంతవరకూ చెప్పలేదు కూడా. కానీ అప్పటి నుంచి ఆయన దిద్దుబాట్లు గడిలోనే ఉంటున్నాయి: ‘‘మూలంలో ఱ. 3వ పంక్తి చూడండి.’’ ముక్తసరిగా ఉంటాయి, పనికొస్తాయి. ఆ అమ్మాయి ఇప్పుడు పాత అచ్చు పుస్తకాలే అడిగి తీసుకుంటోంది.

ఇదే మాట గ్రూపులో అందరి ముందూ అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, ఎందుకంటే అంతకుముందు అలాంటివి చూశాం. పెద్దాయనను నిలదీశారన్నదే అసలు వార్త అవుతుంది. ఆయన తరఫున ఐదుగురు, ఇటు తరఫున ఐదుగురు చేరతారు. రెండో రోజుకల్లా మాట పడిన మనిషి ఎవరో కూడా గుర్తుండదు. విడిగా రాసిన ఉత్తరంలో పరువు ప్రశ్న రాదు, వెనక్కి తగ్గడానికి దారి మిగులుతుంది.

2.1 కూర్పులో నాకు బాగా నచ్చిన మరో సంగతి, వివక్షకు ఆధారం కాకూడనివాటి వరుసలో కులం కూడా చేరడం. తెలుగువాళ్లు నలుగురు చేరిన చోట మొదటి పలకరింపు ఎలా సాగుతుందో మనకు తెలియనిది కాదు. ఊరేది, ఇంటిపేరేమిటి, ఆ ఇంటిపేరులో ఏ వైపు, ఓహో అయితే మనవాళ్లే. మనవాళ్లు కాకపోతే సంభాషణ అక్కడే చల్లబడుతుంది. కొత్తగా చేరినవారిని ఇలా ఆరా తీయవద్దని మేము ఇంతకుముందు చెబితే ‘‘ఆప్యాయంగా అడిగితే తప్పేమిటి’’ అని ఎదురు ప్రశ్న వచ్చేది. రాతలో కులం అన్న మాట కనిపించాక వాదన తగ్గింది. యాస మాత్రం ఆ వరుసలో లేదు. బెంగళూరు తెలుగును, సీమ మాటను, తెలంగాణ మాటను వెక్కిరించడం మా దగ్గర కులం కంటే ఎక్కువగా జరిగేది కాబట్టి యాసను మేమే చేర్చుకున్నాం. ఇది మొదటి మరమ్మతు.

రెండో మరమ్మతు కష్టమైనది. ఈ నియమావళి గ్రూపుకు చెందిన అన్ని చోట్లకూ వర్తిస్తుందని, గ్రూపు ప్రతినిధిగా బయట మాట్లాడేటప్పుడూ వర్తిస్తుందని దాని పరిధి వాక్యం చెబుతుంది. నిషిద్ధ పనుల జాబితాలో ‘‘బహిరంగంగా గానీ ఏకాంతంగా గానీ వేధించడం’’ అని కూడా ఉంది. ఈ రెంటి మధ్య సందు ఉంది. ఒక సభ్యుడు గ్రూపులో ఎంతో పద్ధతిగా ఉండేవాడు. గ్రూపు జాబితాలోంచి ఒకామె నంబరు తీసుకుని విడిగా మెసేజిలు మొదలుపెట్టాడు. మొదట పేజీల గురించి, తర్వాత శుభోదయాలు, తర్వాత ఆమె ఏ సమయంలో ఆన్‌లైన్‌లో ఉందో లెక్కలు చెప్పడం. ఆమె ఆపమన్నా ఆపలేదు. మేము అడిగితే ‘‘అది నా సొంత ఫోను, గ్రూపుకేమి సంబంధం’’ అన్నాడు. వాక్యం పట్టుకుని వాదించేవాడికి ఆ సందు చాలు. చివరికి అతన్ని మూడో మెట్టు మీద నిలిపి, ఆ కాలంలో ఆమెతో ఎక్కడా ఏ రూపంలోనూ మాట్లాడకూడదని రాశాం. ఆ మాట మేము కల్పించింది కాదు, తాత్కాలిక నిషేధం కింద మూలంలోనే ఉంది. తర్వాత పరిధిలో ఒక వాక్యం పెంచాం: ఈ గ్రూపు ద్వారా తెలిసిన నంబరుకు, చిరునామాకు పంపే ప్రతి మాటకూ ఇది వర్తిస్తుంది. నంబర్ల జాబితాను కూడా అందరికీ కనిపించకుండా తీసేశాం. ఆ పని మొదటి రోజే చేసుకోమని ఎవరికైనా చెబుతాను.

అప్పుడే మరొకటి కూడా స్పష్టమైంది. ఫిర్యాదులు చూసే మాలాంటి మోడరేటర్లు పోలీసులు కారు. ఇష్టం లేదని ఒక స్త్రీ స్పష్టంగా చెప్పాక కూడా పదే పదే సంప్రదించడం, ఆమె ఇంటర్నెట్ వాడకం మీద నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. 2024 జులై 1కి ముందు ఇది ఐపీసీలో 354డీగా ఉండేది. ఆమెకు ఈ సంగతి చెప్పాం, మెసేజిలు తుడిచేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోమన్నాం, కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె నిర్ణయానికే వదిలాం. అవతలివైపు నుంచి ‘‘నా పేరు చెడగొట్టారు, 66ఏ కింద కేసు పెడతా’’ అని బెదిరింపు వచ్చింది. ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. అయినా మన వాదనల్లో అది ఇంకా చిరంజీవే.

మిగతా లోపాలు చిన్నవి. ఫిర్యాదును సత్వరం, న్యాయంగా పరిశీలిస్తామని ఉంటుంది గానీ ఎన్ని రోజుల్లో అన్నది లేదు. అందినట్టు రెండు రోజుల్లో జవాబివ్వాలని మేము రాసుకున్నాం. ఫిర్యాదు మోడరేటర్ మీదే వస్తే ఎవరు చూడాలన్నదీ లేదు. ఆ పని కోసం గ్రూపులో లేని ఒక స్నేహితురాలిని ఒప్పించాం.

మంచి నడవడిని ప్రోత్సహించే విషయంలో మాత్రం దీనికి నేను మార్కులు వేయలేను. దయగా ఉండండి, భిన్నాభిప్రాయాలను గౌరవించండి అనే వాక్యాలు బడి గోడ మీది సూక్తుల్లాంటివే. రోజూ కనిపిస్తాయి, ఎవరూ చదవరు. ఇక్కడ మాకు పనికొచ్చినవి వేరు. కొత్తవారి మొదటి పేజీని ఒక పాతవారే విడిగా చూసి పంపుతారు, మిగతావారికి అది కనిపించదు. ప్రతి పుస్తకం మొదటి పుటలో ఎవరు ఏ పేజీలు దిద్దారో పేర్లు వేస్తాం. ఎవరు ఏది మార్చినా కారణం రాయాలి. కారణం రాయాల్సి వస్తే కోపం సగం చల్లారుతుంది, ఎందుకంటే ‘‘నీకు తెలుగు రాదు’’ అన్నది ఆ గడిలో రాయదగ్గ కారణం కాదు. వికీపీడియాలో 2013 నుంచి ఉన్న ధన్యవాదాల మీట చూసి మేమూ ఆదివారం ఆదివారం మెచ్చుకోళ్ల మెసేజి పెట్టి చూశాం. కొన్ని వారాల్లోనే అది చేతులు జోడించిన బొమ్మల వరదగా మారి, ఎవరిని ఎందుకు మెచ్చుకున్నారో తెలియకుండా పోయింది. మానేశాం.

షాకు కొట్టిందన్నది తాత్కాలిక నిషేధం సంగతే. ఆ సభ్యుడు బాగా పని చేసేవాడు. ‘‘అతను వెళితే పుస్తకం ఎవరు పూర్తి చేస్తారు’’ అన్న వాదన చాలా బలంగా వచ్చింది. నియమావళిలో ఎంత పని చేస్తే ఎంత తప్పు మాఫీ అన్న లెక్క లేకపోవడం మమ్మల్ని ఆదుకుంది. అతనితో పాటు మరో ఇద్దరు వెళ్లిపోయారు. ఇద్దరూ అచ్చుతప్పులు పట్టడంలో దిట్టలు. ఆ పుస్తకం చాలాకాలం ఆగిపోయింది. ఈ ఖర్చుకు సిద్ధపడని గ్రూపు దీన్ని పెట్టుకోకపోవడమే మేలు, ఎందుకంటే రాసి పెట్టుకుని అమలు చేయకపోతే ఫిర్యాదు చేసినవారు రెండుసార్లు నష్టపోతారు.

2025లో మూడో కూర్పు వచ్చింది. అందులో శిక్షతో పాటు జరిగిన నష్టాన్ని పూడ్చడం గురించి కూడా ప్రతి మెట్టు దగ్గరా రాశారు. మాస్టారి విషయంలో అలాంటిది ఉంటే ఉపయోగపడేదేమో. దాన్ని తెలుగు చేసే పని ఇద్దరం పంచుకున్నాం. అది పూర్తయ్యేదాకా పాతదే నడుస్తుంది.

మీ గ్రూపుకు తీసుకోవాలంటే ఒక్క జాగ్రత్త. మూలంలో ఫిర్యాదు ఎవరికి పంపాలో రాసుకోవడానికి ఖాళీ వదిలి ఉంటుంది. దాన్ని నింపకుండా అలాగే పెట్టేసిన గ్రూపులను చూశాను. నింపేటప్పుడు ఒకరి పేరు కాకుండా కనీసం ఇద్దరి పేర్లు వేయండి, వాళ్లలో ఒకరైనా ఆడవాళ్లై ఉండాలి.