పెన్షన్‌లో నగదుకు మనీ మార్కెట్ ఫండ్: మూడేళ్ళు వాడాక నా అనుభవం

బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తున్నన్నాళ్ళూ నా ఆఫీసు పెన్షన్‌లో క్యాష్ ఫండ్ అని ఒకటి ఉండేది. 2020లో మార్కెట్లు పడినప్పుడు టెన్షన్ పడి కొంత డబ్బు అందులోకి మార్చాను. క్యాష్ అన్నారు కదా, పెరగకపోయినా తరగదులే అనుకున్నాను. ఏడాది తిరిగాక స్టేట్‌మెంట్ చూస్తే యూనిట్ ధర కొద్దిగా తగ్గి ఉంది. ఆ సమయంలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 0.1 శాతం, ఆ ఫండ్ చార్జీ 0.3 శాతం. వచ్చేదానికన్నా పోయేది ఎక్కువ. నష్టం పెద్దదేం కాదు, కానీ పేరు చూసి నమ్మినందుకు చాలా బాధేసింది. అప్పటి నుంచి క్యాష్ అన్న మాట కనిపిస్తే చాలు, లోపల ఏముందో చూడకుండా ముందుకు వెళ్ళను.

2023 ఫిబ్రవరిలో ఆ పెన్షన్ మొత్తాన్నీ సిప్‌లోకి మార్చుకున్నాను. ఇండియాలో సిప్ అంటే నెలనెలా ఫండ్‌లో వేసే వాయిదా. ఇక్కడ సిప్ అంటే మన పెట్టుబడులు మనమే ఎంచుకునే పెన్షన్ ఖాతా. మా ఇంట్లో ఈ రెండు సిప్‌ల మధ్య ఇప్పటికీ గందరగోళమే. రిటైర్‌మెంట్ దగ్గరపడింది కాబట్టి రెండేళ్ళ ఖర్చులకు సరిపడా, సుమారు 60,000 పౌండ్లు, షేర్లకు దూరంగా ఉంచాలని, అందుకు మనీ మార్కెట్ ఫండ్ (బ్యాంకులకూ ప్రభుత్వానికీ కొద్ది కాలానికి అప్పిచ్చి వడ్డీ సంపాదించే ఫండ్) చూడాలని నిర్ణయించుకున్నాను.

మా బావమరిదికి ఈ సంగతి చెబితే, "బావా, డబ్బు డబ్బులా ఉంటే సరిపోదా? దానికి మళ్ళీ ఫండ్ ఎందుకు మీకు?" అన్నాడు. నిజానికి మొదటి ఆరు నెలలూ నేను చేసింది అదే. ఖాతాలో నగదుగానే వదిలేశాను. ఆగస్టులో బ్యాంక్ రేటు 5.25 శాతానికి చేరింది. నా ప్లాట్‌ఫారమ్, అంటే ఈ సిప్ ఖాతా నడిపే సంస్థ, నాకిచ్చే వడ్డీ 2 శాతం. మిగతాది వాళ్ళ దగ్గరే ఉండిపోయేది. 60,000 మీద తేడా 3 శాతమే అనుకున్నా ఏడాదికి 1,800 పౌండ్లు. ఆ లెక్క కాగితం మీద వేసి చూపించాక మా బావమరిది ఇంకేం మాట్లాడలేదు. ఆ డిసెంబరులోనే ఎఫ్‌సీఏ (ఇక్కడి ఆర్థిక సంస్థల నియంత్రణ సంస్థ) అన్ని ప్లాట్‌ఫారమ్‌లకూ లేఖ రాసింది. నగదు మీద వచ్చే వడ్డీలో వాటా ఉంచుకుంటూ, మళ్ళీ అదే నగదు మీద ఫీజు కూడా తీసుకోవడం ఆపమని. చాలా ఆలస్యంగానైనా మంచి పని జరిగింది.

ఇక ఎంపిక. మనీ మార్కెట్ ఫండ్లలో నాకు తెలియాల్సిన తేడా ఒక్కటే అని తేలింది: షార్ట్ టర్మా, స్టాండర్డా. షార్ట్ టర్మ్ ఫండ్‌లో ఉన్న అప్పు కాగితాల సగటు గడువు 60 రోజులు దాటకూడదని నిబంధన. స్టాండర్డ్ ఫండ్‌కు 6 నెలల దాకా వెళ్ళొచ్చు. గడువు పెరిగినకొద్దీ కాస్త ఎక్కువ రాబడి కనిపిస్తుంది. కానీ రేట్లు ఉన్నట్టుండి పెరిగితే ధర కదిలేది కూడా అందులోనే. రెండేళ్ళ తిండి ఖర్చు పెట్టిన చోట ఆ కదలిక నాకు వద్దు.

ఒక ఆదివారం కూర్చుని రెండు మూడు ఫండ్ల ఫ్యాక్ట్‌షీట్లు పక్కపక్కన పెట్టుకున్నాను. అందరూ చూసేది మొదటి పేజీలో రాబడి గడి. నేను తిన్నగా లోపలికి వెళ్ళాను. బ్యాంకులు జారీ చేసిన డిపాజిట్ సర్టిఫికెట్లు, ప్రభుత్వం కొద్ది నెలలకు అప్పు తీసుకునే ట్రెజరీ బిల్లులు, రాత్రికి రాత్రి ఇచ్చి పొద్దున వెనక్కి తీసుకునే రెపోలు, డిపాజిట్లు. ఒక్కో వరుసలో బ్యాంకు పేరు, గడువు తేదీ. వచ్చే నెల, ఆపై నెల, ఆ తరువాతి నెల. అంత చప్పగా ఉన్న జాబితా చూస్తుంటే నాకు ఎంత నిశ్చింతగా అనిపించిందో చెప్పలేను. డబ్బంతా ఒకే బ్యాంకు మీద ఆధారపడి లేదు. డిపాజిట్లయితే ఒక్క బ్యాంకులో మామూలుగా 10 శాతం మించకూడదు.

చివరికి రాయల్ లండన్ షార్ట్ టర్మ్ మనీ మార్కెట్ ఫండ్ కొన్నాను. ఏడాది తరువాత కొంత భాగం వాన్‌గార్డ్ స్టెర్లింగ్ షార్ట్ టర్మ్ మనీ మార్కెట్ ఫండ్‌లో పెట్టాను. నేను కొన్నప్పుడు మొదటిదాని చార్జీ 0.10 శాతం, రెండోదానిది 0.12. నా డబ్బు మీద ఆ తేడా ఏడాదికి 12 పౌండ్లు. రాబడి విషయంలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పట్టుకోవడమే కష్టం. రేటు 5.25 దగ్గర ఉన్న ఏడాది 5 శాతం పైనే వచ్చింది. పెన్షన్ లోపల పన్ను లేదు కాబట్టి వడ్డీని ఫండ్‌లోనే కలిపేసే అక్యుములేషన్ రకమే తీసుకున్నాను. వచ్చిన వడ్డీని మళ్ళీ కొనే పని తప్పింది.

అయితే చాలామంది ఆ 0.02 దగ్గర తల బద్దలు కొట్టుకుని అసలు ఖర్చును వదిలేస్తున్నారు. ఫండ్ ఎక్కడ ఉంచామన్నదే ముఖ్యం. నా పాత ప్లాట్‌ఫారమ్ ఫండ్ల మీద 0.45 శాతం తీసుకునేది. అంటే 60,000 మీద 270 పౌండ్లు, ఫండ్ చార్జీకి నాలుగున్నర రెట్లు. నెలకు ఇంత అని కట్టే చోటికి మారాను. అక్కడ మళ్ళీ ప్రతి అమ్మకానికీ ఫీజు ఉంది. కాబట్టి నెలనెలా కాకుండా మూడు నెలలకోసారి అమ్ముతాను. కొన్ని ప్లాట్‌ఫారమ్‌లలో ఈటీఎఫ్‌ల (షేర్ల లాగా ఎక్స్ఛేంజ్‌లో కొని అమ్మే ఫండ్ల) మీద ఫీజుకు పరిమితి ఉంటుంది. అక్కడ ఉన్నవాళ్ళకు మనీ మార్కెట్ ఈటీఎఫ్ చవక పడొచ్చు. అందులో కొన్ని స్వాప్‌ల మీద, అంటే రాబడి ఇస్తామని బ్యాంకుతో చేసుకున్న ఒప్పందాల మీద నడుస్తాయి. నాకు ఆ పద్ధతి పూర్తిగా అర్థం కాలేదు కాబట్టి ముట్టుకోలేదు.

ఈ మూడేళ్ళలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది 2025 ఈస్టర్. ఇంటి పైకప్పు కారుతోంది. మేస్త్రీకి నెలాఖరుకు డబ్బు ఇస్తానని మాటిచ్చాను. ఏప్రిల్ 17, గురువారం సాయంత్రం అమ్మకం ఆర్డర్ పెట్టాను. ఫండ్‌కు ఆ రోజు ధర కట్టే సమయం అప్పటికే దాటిపోయింది. శుక్రవారం గుడ్ ఫ్రైడే, సోమవారం కూడా సెలవు. మంగళవారం అమ్ముడుపోయి, బుధవారం నగదు ఖాతాలో పడింది. తీరా చూస్తే పెన్షన్ చెల్లింపు నెలకు ఒక్కసారే, దానికి గడువు 20వ తేదీతో అయిపోయింది. ఫండ్‌లో డబ్బు భద్రంగానే ఉంది, నా చేతికి మాత్రం మే నెలాఖరుకు గానీ రాలేదు. మేస్త్రీ మంచివాడు కాబట్టి సగం ఇస్తే పని మొదలుపెట్టాడు. తప్పు ఫండ్‌ది కాదు, నాది. అప్పటి నుంచి రెండు నెలల ఖర్చు వడ్డీ తక్కువైనా ఖాతాలో నగదుగానే ఉంచుతున్నాను.

భద్రత గురించి నన్ను ఎక్కువమంది అడుగుతారు. ఇది బ్యాంకు డిపాజిట్ కాదు. 2025 డిసెంబరు 1 నుంచి 1,20,000 పౌండ్లకు పెరిగిన ఎఫ్‌ఎస్‌సీఎస్ (సంస్థలు దివాలా తీస్తే ఖాతాదారులకు పరిహారమిచ్చే బ్రిటన్ పథకం) హామీ డిపాజిట్లకే. పెట్టుబడి సంస్థ దివాలా తీస్తే వచ్చే పరిహారం 85,000 దగ్గరే ఉంది, అదీ ఫండ్ విలువ పడిపోతే వర్తించదు. 2008 సెప్టెంబరు 16న అమెరికాలో రిజర్వ్ ప్రైమరీ ఫండ్ యూనిట్ విలువ డాలరు నుంచి 97 సెంట్లకు పడింది. అంతకుముందు రోజే దివాలా తీసిన లేమన్ బ్రదర్స్ బ్యాంకు అప్పు కాగితాలు 78.5 కోట్ల డాలర్లవి దాని దగ్గర ఉండటమే కారణం. ఆ తరువాత నిబంధనలు బిగించారు. అయినా ఈ కథ తెలిసే నేను డబ్బు రెండు ఫండ్లలో పెట్టాను.

రేట్లు తగ్గడం మొదలయ్యాక ఇంకో సంగతి గమనించాను. బ్యాంక్ రేటు 2024 ఆగస్టులో 5కి దిగింది, 2025 ఆగస్టుకు 4, డిసెంబరుకు 3.75. ఫ్యాక్ట్‌షీట్‌లో గత ఏడాది రాబడి మాత్రం ఇంకా పాత ఎత్తులోనే మెరుస్తుంది. లోపలి కాగితాలు రెండు మూడు నెలల్లో మారిపోతాయి కాబట్టి ఇకముందు వచ్చేది ఇప్పటి బ్యాంక్ రేటుకు దగ్గరగా ఉంటుంది. ఆ పాత అంకె చూసి పదేళ్ళ డబ్బు కూడా ఇందులో పెడదామనుకున్న మిత్రుణ్ణి గట్టిగా వారించాను. 2022 అక్టోబరులో ఇక్కడ ధరల పెరుగుదల 11.1 శాతం, బ్యాంక్ రేటు 2.25. ఆ నెలల్లో ఏ మనీ మార్కెట్ ఫండూ కొనుగోలు శక్తిని కాపాడలేకపోయింది.

ప్రస్తుతం నా సిప్‌లో రెండేళ్ళ ఖర్చు ఈ రెండు ఫండ్లలో సగం సగం ఉంది. రెండు నెలలది నగదు. మిగతాదంతా షేర్లు, బాండ్లు. అమ్మకం ఆర్డర్ ప్రతిసారీ నెల మొదటి వారంలో, పొద్దున్నే పెడుతున్నాను.