గరుకు గాజా, వెండి రేణువులా?

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో నల్లరాతి నందిని దగ్గరగా చూడండి, అంత నున్నగా ఉంది కాబట్టే దానిమీద పడ్డ వెలుగు చెదరకుండా తిరిగొస్తుంది. పలుచటి సోలార్ సెల్‌లో మనకు కావాల్సింది దీనికి పూర్తిగా ఉల్టా. మామూలు సిలికాన్ వేఫర్ (పలుచటి బిళ్ల) వంద మైక్రాన్ల పైనే ఉంటే అమార్ఫస్, అంటే స్ఫటిక రూపం లేని, సిలికాన్ పొర దాదాపు 0.3 మైక్రాన్లే, ఎర్ర కాంతిని పట్టుకునేలోపే అది దాటిపోతుంది.

అందుకే కాంతిని చెదరగొట్టి లోపలే తిప్పాలి, దానికి రెండు దారులున్నాయి. మొదటిది గరుకుదనం. జింక్ ఆక్సైడ్ పూత ఉన్న గాజును బాగా పలుచన చేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కాసేపు ముంచితే కళ్ల ముందే పాలరంగుకు తిరుగుతుంది, అచ్చం బాత్రూమ్ కిటికీ అద్దంలా. యాసిడ్ తిన్నచోట పడే సన్నటి గుంటలే కాంతిని ఏటవాలుగా విసిరి సిలికాన్‌లో అటూఇటూ తిప్పుతాయి. 1982లో భౌతిక శాస్త్రవేత్త యబ్లోనోవిచ్ వేసిన లెక్క ప్రకారం సిలికాన్‌లో కాంతి నడిచే దారి పొడవు 50 రెట్ల దాకా పెరగొచ్చు, చేతిలోకి మాత్రం అంత రాదు. గుంటలు మరీ పదునైతే పైన పెరిగే పొరలో పగుళ్లొచ్చి వోల్టేజి పడిపోతుంది.

రెండోది వెండి. 10 నానోమీటర్ల పూతను 200 డిగ్రీల దాకా వేడిచేస్తే చుక్కలుగా విడిపోతుంది, ఆ రేణువులే కాంతిని చెదరగొడతాయి, సిలికాన్ పొరను పెద్దగా గరుకు చేయక్కర్లేదు, అది నిజంగా బాగుంటుంది. కానీ వెండి కొంత కాంతిని తానే మింగి వేడి చేసేస్తుంది, ముందువైపు పెడితే నీలి కాంతికి దెబ్బ.

నా ఓటు గరుకు గాజుకే, బీకరు, యాసిడ్, వాచీ ఉంటే గాజు గరుకుచేసే పని అయిపోతుంది. వెండే కావాలంటే సెల్ వెనకవైపు పెట్టండి, రేణువులు మరీ చిన్నవి కాకుండా చూసుకోండి, చిన్నవైతే చెదరగొట్టడం కన్నా మింగడమే ఎక్కువ.